మనిషి మారాడని ఎలా తెలుస్తుంది?

(మనస్తత్వశాస్త్ర విద్యార్థులు, నర్సులు, రోగుల కుటుంబ సభ్యులు పాల్గొన్న ఒక సమావేశంలో ఒక క్లినికల్ సైకాలజిస్టు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసకు వినిపిస్తోందా? సరే.

నాకు ఇచ్చిన అంశం చిన్న వయసులో వచ్చే డిమెన్షియా, అంటే మెదడు దెబ్బతిని ఆలోచన, జ్ఞాపకం, ప్రవర్తన క్రమంగా క్షీణించడం. అందులోనూ నలుగురిలో మెలిగే తీరులో వచ్చే మార్పు, ఆ మార్పును అంచనా వెయ్యడం. పేరు పెద్దదే. ఇంట్లోవాళ్ళు మా గదిలోకి వచ్చి చెప్పేది మాత్రం ఒక్కటే మాట: "ఈయన మునుపటి మనిషి కాదు మేడమ్." మునుపు ఎలా ఉండేవాడు, ఇప్పుడెలా ఉన్నాడు, ఎప్పటినుంచి మారాడు? నా పనంతా ఈ మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. డిమెన్షియా అంటే మతిమరుపేననీ, అది ఉందో లేదో ఒక పరీక్ష పెట్టి తేల్చెయ్యొచ్చనీ మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. ఈ వయసువాళ్ళలో ఆ లెక్క చాలాసార్లు తప్పుతుంది.

65 ఏళ్ళు నిండకముందే లక్షణాలు మొదలైతే చిన్న వయసు డిమెన్షియా అంటాం. ప్రపంచం మొత్తమ్మీద 30 నుంచి 64 ఏళ్ళ మధ్యవారిలో లక్షకు 119 మంది, అంటే దాదాపు 39 లక్షల మంది దీనితో ఉన్నారని 2021లో ఒక పెద్ద సమీక్ష లెక్కగట్టింది. మన దేశం సంగతికొస్తే, 60 పైబడినవారిలో 7.4 శాతం, సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో ఉన్నారన్న అంకె మీరు పేపర్లలో చూసే ఉంటారు. మంచి సర్వేనే. కానీ అది 60 దాటినవారినే చూసింది. 48 ఏళ్ళ బ్యాంకు క్యాషియరు, 53 ఏళ్ళ ఎలక్ట్రీషియను ఆ అంకెలో లేరు. ఇంటి ఈఎంఐ కడుతూ, పిల్లల్ని ఇంజనీరింగు చదివిస్తూ ఉండే వయసు అది. ఆ వయసులో మనిషి తేడాగా ప్రవర్తిస్తే పొగరెక్కిందంటారు, తాగుడు మొదలెట్టాడేమో అంటారు, ఎవరో ఏదో చేయించారని కూడా అంటారు. జబ్బేమో అన్న ఊహ చివరికి గానీ రాదు.

నిజానికి అల్జీమర్స్ జబ్బు చరిత్ర మొదలైందే చిన్న వయసు మనిషితో. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆగస్టె డేటర్ అనే ఆవిడను ఆసుపత్రిలో చేర్చారు. వయసు 51. అలోయిస్ అల్జీమర్ అనే డాక్టరు ఆవిడను చూశాడు, 1906లో ఆవిడ చనిపోయాక మెదడును పరీక్షించాడు. ఆవిడలో మొట్టమొదట కనిపించింది భర్త మీద అసూయ అని ఆయన రాశాడు. మతిమరుపు దాని వెనకాల వచ్చింది, వేగంగా వచ్చింది. ఇవాళ అల్జీమర్స్ అంటే మతిమరుపు అని పిల్లలు కూడా చెప్తారు. మొదటి కేసులో మొదటి లక్షణం మాత్రం ప్రవర్తనే.

ప్రవర్తనే ముందుగా, బాగా దెబ్బతినే జబ్బు ఇంకొకటి ఉంది, ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా. మెదడు ముందు భాగమూ కణతల వైపు భాగమూ కుంచించుకుపోతాయి. 1892లో ప్రాగ్‌లో ఆర్నాల్డ్ పిక్ అనే డాక్టరు మొదటిసారి వర్ణించాడు కాబట్టి పాత పుస్తకాల్లో పిక్స్ డిసీజ్ అని కనిపిస్తుంది. ఎక్కువగా 45, 65 ఏళ్ళ మధ్య మొదలవుతుంది. హాలీవుడ్ నటుడు బ్రూస్ విల్లిస్‌కు ఇదేనని 2023లో కుటుంబం ప్రకటించాక చాలామంది ఈ పేరు విన్నారు. ఆయన విషయంలో ముందు బయటికి చెప్పింది మాట తడబాటు గురించి. నేను ఇవాళ చెప్పేది ప్రవర్తనతో మొదలయ్యే రకం.

ఈ రకాన్ని గుర్తించడానికి 2011లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఆరు లక్షణాలు పెట్టింది. హద్దులు తెలియకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఎదుటివారి బాధ పట్టకపోవడం, చేసిందే చెయ్యడం, తిండి తీరు మారడం. ఆరోది పరీక్షలో తేలేది: ఒక పనిని ప్లాన్ చేసుకుని చేసే శక్తి తగ్గుతుంది, జ్ఞాపకశక్తి మాత్రం కాస్త నిలబడి ఉంటుంది. ఆరింటిలో మూడు ఉంటే అనుమానించవచ్చు. రోజువారీ పనులు దెబ్బతిని, స్కాన్‌లో కూడా తేడా కనిపిస్తే అనుమానం బలపడుతుంది. విద్యార్థులు ఈ ఆరూ బట్టీపట్టి వస్తారు. అందులో ఒక షరతు మాత్రం వదిలేస్తారు. ఈ ప్రవర్తనలు తొలినాళ్ళలోనే, అంటే మొదటి మూడేళ్ళలో కనిపించాలి. ఎప్పుడు మొదలైందో తెలియకపోతే ఈ పద్ధతి పనిచెయ్యదు.

ఒక ఉదాహరణ చెప్తాను. ఇది ఒక్కరి కథ కాదు, చాలామంది నుంచి తీసి కలిపింది, కాబట్టి ఎవరినీ వెతక్కండి. 54 ఏళ్ళ జూనియర్ కాలేజీ లెక్చరరు. నెమ్మదస్తుడు. కొన్నాళ్ళుగా క్లాసులో పిల్లల రంగు మీద, లావు మీద జోకులు వేస్తున్నాడు. వియ్యంకుణ్ణి మొదటినుంచీ "మీరు, బావగారూ" అన్న మనిషి, ఒకరోజు విస్తరి ముందు "నువ్వు ఎంత తింటావయ్యా!" అన్నాడు. తోడల్లుడు పోతే చూడ్డానికి వెళ్ళి, శవం ఇంకా లేవకముందే టిఫిను ఎప్పుడు పెడతారని అడిగాడు. షుగర్ ఉంది, అయినా రోజూ స్వీటు షాపు ముందు నిలబడి మైసూర్‌పాక్ తింటాడు. భార్యకు ఒళ్ళు కాలిపోతుంటే పక్కనే కూర్చుని టీవీ చూస్తూ కాఫీ పెట్టమన్నాడు. ఇదివరకు ఆవిడ తలనొప్పి అంటే చాలు, మాత్ర, మంచినీళ్ళు చేతికిచ్చేవాడట.

ఇలాంటి మనిషికి 30 మార్కుల మినీ మెంటల్ పరీక్ష పెడితే 29 వస్తాయి. తేదీ చెప్తాడు, ఊరు చెప్తాడు, వందలోంచి ఏడేడు చకచకా తీసేస్తాడు. దాంతో "జబ్బేమీ లేదు, భార్యాభర్తలిద్దరూ కౌన్సెలింగ్‌కి వెళ్ళండి" అని కాగితం రాసిస్తారు. 1975 నుంచి వాడుతున్న ఆ పరీక్షను నేను తప్పుపట్టను. అది అడిగే ప్రశ్నల్లో బావగారు లేరు, అంతే. (నవ్వులు)

అందుకే ఇక్కడ మన మొదటి సాక్షి రోగితో కలిసి బతికే మనిషి. రోగిని అడిగితే "నాకేం? బాగానే ఉన్నాను" అంటాడు. అది అబద్ధం కాదు. తన మార్పు తనకు తెలియకపోవడం కూడా జబ్బులో భాగమే. రోగి తన గురించి ఇచ్చిన మార్కులకూ, ఇంట్లోవాళ్ళు ఇచ్చిన మార్కులకూ మధ్య తేడా ఎంతుందో అది కూడా మనకు ఒక కొలతే.

అయితే సాక్షిని ఎలా అడుగుతున్నామన్నది అసలు పని. "కోపం ఎక్కువైందా?" అని అడిగితే అవునంటారు. మన దగ్గర ఏ భర్త గురించి ఏ భార్యను అడిగినా అవుననే అంటుంది. (నవ్వులు) అలా కాకుండా, "పోయిన నెల రోజుల్లో ఆయన కోపంతో చేసిన ఒక పని చెప్పండి, ఆ రోజు ఇంట్లో ఎవరెవరున్నారు, ముందు ఏం జరిగింది?" అని అడగాలి. సంఘటన చెప్పించుకోవాలి, అభిప్రాయం కాదు. తేదీ అడిగితే ఎవరికీ గుర్తుండదు. పెద్దమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి ఇలా ఉన్నాడా? కరోనా లాక్‌డౌన్‌లో ఎలా ఉన్నాడు? గృహప్రవేశంనాడు పీటల మీద ఎలా కూర్చున్నాడు? ఇలా అడిగితే చకచకా చెప్తారు. పెళ్ళి వీడియోలు, ఫంక్షన్ల వీడియోలు ఉంటే తెమ్మంటాను. ఐదేళ్ళ కిందటి వీడియోలో అందర్నీ పలకరిస్తూ తిరిగిన మనిషి, నిరుటి వీడియోలో ఒక కుర్చీకే అతుక్కుపోయి కనిపిస్తే, ఏ ప్రశ్నాపత్రమూ చెప్పనిది అక్కడ కనిపిస్తుంది. గోడ ఇప్పుడు వంగిందా, కట్టిననాడే వంకరా అని తేల్చాలంటే పాత ఫోటో ఉండాలి కదా.

పోల్చాల్సింది ఆ మనిషిని ఆ మనిషితోనే. పక్కింటాయనతో కాదు, 'మర్యాదస్తుడు ఇలా ఉండాలి' అన్న మన ఊహతోనూ కాదు. జీవితమంతా బూతులు మాట్లాడిన మనిషి ఇప్పుడూ మాట్లాడుతుంటే అది లక్షణం కాదు. అదే మనిషి సడెన్‌గా నోరు మెదపకుండా కూర్చుంటే, అది చూడాలి.

ఎవరిని అడగాలన్నది ఇంకో చిక్కు. భార్య చాలా దాస్తుంది. కూతురి పెళ్ళి కుదరాల్సి ఉంటుంది, 'తండ్రికి మతి చలించిందట' అన్న మాట బయటికి పొక్కకూడదు. అత్తగారు పక్కనుంటే అసలే చెప్పదు. ఎందుకంటే ఆ పెద్దావిడ "మా వాడు బంగారం, ఈవిడ వచ్చాకే ఇలా అయ్యాడు" అంటుంది. కాబట్టి ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడాలి. వీలైతే ఆఫీసులో పక్క సీటాయనతో కూడా, కుటుంబం ఒప్పుకుంటేనే సుమా. ఆఫీసువాళ్ళు ముందు చూస్తారు. ఫైళ్ళు ఆగిపోవడం, పై అధికారితో వెటకారంగా మాట్లాడటం ఇంటికి చేరేసరికి చాలాకాలం పడుతుంది.

ఇక ప్రశ్నాపత్రాలు. ఎక్కువమంది వాడేది న్యూరోసైకియాట్రిక్ ఇన్వెంటరీ, జెఫ్రీ కమ్మింగ్స్ బృందం 1994లో తెచ్చింది. పన్నెండు రకాల ప్రవర్తనల మీద, గత నెల రోజుల్లో ఎంత తరచుగా అన్నదానికి 1 నుంచి 4, ఎంత తీవ్రంగా అన్నదానికి 1 నుంచి 3 వేసి, రెండూ గుణిస్తారు. దీంట్లో నాకు నచ్చేది పక్కనున్న ఇంకో గడి. ఈ ప్రవర్తన వల్ల మీకెంత కష్టంగా ఉందని చూసుకునేవారిని అడిగి, 0 నుంచి 5 వేస్తారు. చాలామంది హడావుడిలో ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. వదలకండి. రోగి స్కోరు మారకపోయినా ఆ గడిలో అంకె 2 నుంచి 5కి వెళ్ళిందంటే, ఆ ఇంట్లో ఇంకో మనిషికి సాయం కావాలని అర్థం.

రెండోది కెనడాలో ఆండ్రూ కెర్టెస్ 1997లో తయారుచేసిన ఫ్రంటల్ బిహేవియరల్ ఇన్వెంటరీ. ఇరవైనాలుగు ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3. సగం ప్రశ్నలు తగ్గిపోయినవాటి గురించి: ఆసక్తి, చొరవ, శుభ్రత లాంటివి. సగం కొత్తగా వచ్చి చేరినవాటి గురించి: అతి హాస్యం, తొందరపాటు, పోగు చెయ్యడం, నోట్లో ఏదో ఒకటి పెట్టుకోవడం. ఈ విభజన పనికొస్తుంది, ఎందుకంటే కుటుంబం ఫిర్యాదు చేసేది రెండో సగం గురించే. బజార్లో పరువు తీసినవాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకొస్తారు, మూల కూర్చున్నవాణ్ణి తీసుకురారు.

మన దగ్గర ఈ మొదటి సగాన్ని పట్టుకోవడం మరీ కష్టం. "ఇంటి పనుల్లో ఆసక్తి తగ్గిందా?" అంటే, తిన్న కంచం కూడా ఎప్పుడూ తియ్యని మగవాడికి తగ్గడానికి ఏముంది? అందుకని ఆయన సొంతంగా చేసేవాటి గురించి అడగాలి. ఎల్ఐసీ ప్రీమియం ఎవరు కడుతున్నారు, పొలం కౌలు డబ్బులు ఎవరు అడుగుతున్నారు, ఆదివారం పేకాటకు వెళ్తున్నాడా, అయ్యప్ప మాల వేసుకునేవాడు ఎందుకు మానేశాడు. డబ్బు సంగతి తప్పకుండా అడగాలి. చీటీ పాటలో అడ్డంగా పాడటం, ముక్కూమొహం తెలియనివాడికి హామీ సంతకం పెట్టడం, ఫోన్‌పేలో ఎవరికి పడితే వాళ్ళకు పంపడం, ఆన్‌లైన్ రమ్మీ. ఆడవాళ్ళైతే, కూరలో ఉప్పూ కారం ఎలా ఉంటున్నాయి, వాకిట్లో ముగ్గు పడుతోందా, చెల్లెళ్ళకు ఫోన్లు చేస్తోందా, ఇంటికి వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇస్తోందా. ఆడవాళ్ళను మా దగ్గరికి ఇంకా ఆలస్యంగా తెస్తారు. వంట నడుస్తున్నంతకాలం ఎవరికీ పట్టదు. కటువుగా ఉందేమో గానీ, నేను చూసినంతలో సంగతి అదే.

రోగికే నేరుగా పెట్టే పరీక్షలూ ఉన్నాయి. ముఖాల ఫోటోలు చూపించి కోపమా, భయమా, అసహ్యమా అని అడగడం ఒకటి. చిన్న కథ చదివి వినిపించి, ఇందులో ఎవరైనా అనకూడని మాట అన్నారా, అంటే ఎందుకు అనకూడదు అని అడగడం ఇంకొకటి. కొందరు అనకూడని మాటను సరిగ్గానే పట్టుకుంటారు, విన్నవాళ్ళకు ఎలా ఉంటుందంటే మాత్రం చెప్పలేరు. ఇంకొందరు రెండూ సరిగ్గా చెప్పి, గది బయటికెళ్ళి అటెండరుతో అదే మాట అంటారు. పరీక్ష గదిలో నియమం తెలిసి ఉండటం వేరు, బజార్లో ఆ నియమం గుర్తుకురావడం వేరు. అందుకే అమెరికాలో కొందరు పరిశోధకులు, పరీక్ష పెట్టినవాళ్ళే ఆ సమయమంతా రోగి ఎలా మెలిగాడో తర్వాత నింపే ఒక పట్టిక తయారుచేశారు. మీ బ్యాగులో చెయ్యి పెట్టాడా, మీరు మాట్లాడుతుంటే లేచి వెళ్ళాడా, మీ జీతం అడిగాడా. (నవ్వులు) జీతం అడగడం మాత్రం మన దగ్గర ఏ జబ్బుకూ లక్షణం కాదు, ఆ మార్కు తీసెయ్యండి.

తెలుగులో జ్ఞాపకశక్తి, భాష చూడ్డానికి మంచి పరికరాలున్నాయి. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం జ్ఞాపకశక్తి, భాష లాంటివి చూసే ఆడెన్‌బ్రూక్స్ పరీక్షను తెలుగుకు తగ్గట్టు మార్చింది. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తయారుచేయించిన పరీక్షల టూల్‌బాక్సులోనూ తెలుగు ఉంది. ఆ నిమ్స్ బృందమే 2013లో 648 మంది రోగులను చూసి, రెండు భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని చెప్పింది. ఫ్రంటోటెంపొరల్ రకాలను విడిగా చూసినప్పుడు, ప్రవర్తన రకంలో తేడా దాదాపు ఆరేళ్ళు. మాట దెబ్బతినే రకాల్లో ఆ మేలు కనిపించలేదు. తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడే ఊళ్ళో తేలిన విషయం కదా, నాకు భలే ముచ్చటేసింది. ప్రవర్తన కొలిచే విషయంలో మాత్రం ఇప్పటికీ కాగితం కంటే అడిగేవాళ్ళ నేర్పు మీదే ఎక్కువ ఆధారపడుతున్నాం.

ఇంత కొలిచి ఏం తేల్చాలి? తొందరపడి డిమెన్షియా అనకూడదు. డిప్రెషన్‌లోనూ మనిషి మూల కూర్చుంటాడు, కానీ తన బాధ తాను చెప్పగలడు. మేనియాలో, అంటే ఉత్సాహం అతిగా పెరిగిపోయే మానసిక జబ్బులో, హద్దులు దాటతాడు, అయితే అది అలలా వచ్చిపోతుంది. మద్యం, థైరాయిడ్, బి12 లోపం, మెదడు ముందు భాగంలో గడ్డ, కొన్ని ఇన్ఫెక్షన్లు ఇవన్నీ చూడాలి. వీటిలో కొన్ని బాగయ్యేవే, అందుకే రక్తపరీక్ష, ఎంఆర్‌ఐ చేయించకుండా ఎవరూ ముద్ర వెయ్యకూడదు. అటువైపు పొరపాటూ తక్కువేం కాదు. అమెరికాలో ఒక పెద్ద కేంద్రంలో చూస్తే, ఈ ప్రవర్తన రకం రోగుల్లో సగం మందికి అంతకుముందు ఏదో ఒక మానసిక వ్యాధి అని పేరు పెట్టి ఉన్నారు. నెదర్లాండ్స్ లెక్క ప్రకారం చిన్న వయసువారిలో జబ్బు తేలడానికి సగటున 4.4 ఏళ్ళు పట్టింది, పెద్దవయసువారిలో 2.8.

ఆ నాలుగేళ్ళలో ఏం జరుగుతుందో చూడండి. కాలిఫోర్నియాలో 2,397 మంది రోగుల రికార్డులు తిరగేసి 2015లో ఒక అధ్యయనం వచ్చింది. అల్జీమర్స్ ఉన్నవారిలో 7.7 శాతం మంది చట్టానికి విరుద్ధమైన పని ఏదో చేస్తే, ఈ ప్రవర్తన రకంలో 37.4 శాతం మంది చేశారు. దొంగతనం, ట్రాఫిక్ ఉల్లంఘన, అసభ్య ప్రవర్తన వగైరా. మన దగ్గర ఇది మెమో రూపంలో వస్తుంది. మెమో, సస్పెన్షన్, ఎంక్వైరీ, చివరికి అవమానం భరించలేక ఇంట్లోవాళ్ళే రాజీనామా రాయిస్తారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 20వ సెక్షన్ ఉంది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పనికి సరిపోకపోతే అదే జీతం మీద వేరే పోస్టు చూపాలి. అది అడగాలంటే రాజీనామా కంటే ముందు తేదీతో మన రిపోర్టు ఉండాలి. అందుకని రిపోర్టులో 'ప్రవర్తనలో మార్పు కలదు' అని ఒక లైను రాసి వదలకండి. ఏ మార్పు, ఎప్పటినుంచి, ఎవరు చెప్పారు, మునుపు ఎలా ఉండేది, మీరు స్వయంగా ఏం చూశారు, అన్నీ విడివిడిగా రాయండి.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక సంరక్షకురాలు: "మా ఆయన ఇదంతా కావాలని చేస్తున్నట్టు ఉంటుంది మేడమ్. బయటివాళ్ళతో ఒక్కోసారి బాగానే మాట్లాడతారు.")

కావాలని కాదమ్మా. ఎదుటివారి మనసు పసిగట్టడానికి మెదడులో ప్రత్యేకమైన చోట్లున్నాయి. అక్కడ ఫాన్ ఎకనోమో న్యూరాన్లు అని పెద్ద కణాలుంటాయి, ఈ జబ్బు మొదట్లోనే వాటిని దెబ్బతీస్తుందని 2006లో గుర్తించారు. బయటివాళ్ళతో రెండు నిమిషాల మాట అలవాటు మీద నడిచిపోతుంది. మీతో రోజంతా ఉండాలి కదా, అక్కడ అలవాటు చాలదు. ఆయన బాగా మాట్లాడిన సందర్భాలు కూడా రాసుకుని తీసుకురండి, మాకు అవీ కావాలి.

(ఒక విద్యార్థి: "మతిమరుపు మాత్రలు వీళ్ళకు పనిచేస్తాయా?")

మందులు రాసేది డాక్టరుగారు, నేను కాదు. తెలిసింది చెప్తాను. డోనెపెజిల్ లాంటివి అల్జీమర్స్‌కు వాడతారు. ఫ్రంటోటెంపొరల్ రకంలో వాటివల్ల ప్రయోజనం కనిపించలేదు, కొందరిలో చిరాకు, హద్దు మీరడం పెరుగుతాయి. జబ్బు సరిగ్గా విడదీసి చెప్పాలన్నది ఇందుకు కూడా. ఏ మందు మొదలుపెట్టినా అంతకుముందు ఒకసారి, కొన్ని వారాల తర్వాత ఇంకోసారి నేను చెప్పిన ప్రశ్నాపత్రాల్లో ఒకదాన్నే నింపించండి. రెండుసార్లూ ఒకే మనిషిని అడగండి. మొదటిసారి భార్య చెప్పి, రెండోసారి కొడుకు చెప్తే, మారింది రోగో, సాక్షో తెలియదు.